చెయ్యి తిరగాలంటే

మా వృత్తి పేరు ఆక్యుపేషనల్ థెరపీ. ఈ మాట వినగానే పదిమందిలో తొమ్మిదిమంది, "అంటే ఉద్యోగాలు ఇప్పిస్తారా అండీ?" అంటారు. పదోవారు మాలీషు అనుకుంటారు. రెండూ కాదు. పక్షవాతం వచ్చినవారూ, చెయ్యి విరిగినవారూ, పుట్టుకతో ఎదుగుదల తగ్గిన పిల్లలూ తమ స్నానం, జడ, వంట, బడి, కూలిపని వీలైనంతవరకు తామే చేసుకునేలా తర్ఫీదు ఇవ్వడం మా పని.

విశాఖపట్నంలో ఒక ఆసుపత్రిలో పధ్నాలుగేళ్ళు ఈ పని చేసి, నలభై ఒకటో యేట అరకు లోయకు వచ్చాను. "పట్నంలో జీతం వదులుకుని ఈ వయసులో కొండలెక్కడమేమిటమ్మా?" అన్నారు మా అత్తగారు. ఆవిడ ప్రశ్న న్యాయమైనదే. జీతం సగమయింది. అమ్మాయి అప్పుడు ఇంటర్మీడియట్‌లో వుంది. ఉత్సాహం ఒక్కటే చాలదని, రోగుల కోసం మేము రాసే పద్ధతిలోనే నా కోసమూ ఒక కాగితం రాసుకున్నాను.

"కుడిచేతికి బలం రావాలి" అని మేము రాయం. అది కోరిక మాత్రమే. ఎవరు, ఏ పని, ఎంత సాయంతో, ఎన్నాళ్ళకు? ఈ నాలుగూ వుంటేనే అది లక్ష్యం. "ఆరు వారాల్లో, పీట మీద కూర్చుని, మనవరాలు గిన్నె పట్టుకుంటే, తన అంబలి తానే కలుపుకుంటుంది." ఇలా వుండాలి. గడువు నాటికి అది అయిందో లేదో ఇంట్లో పిల్లవాడైనా చెప్పగలగాలి.

నా కాగితంలో మొదటి మాట డబ్బే. పద్ధెనిమిది నెలల ఇంటిఖర్చు బ్యాంకులో పడ్డాకే రాజీనామా. అందుకు రెండేళ్ళు పట్టింది లెండి. రెండోది, మొదటి ఏడాది ఒక్క అరకు మండలమే. పాడేరు రమ్మన్నా, ముంచంగిపుట్టు రమ్మన్నా వెళ్ళకూడదు. ఈ కొండల్లో బండి వెళ్ళని ఊళ్ళున్నాయి. రోగిని డోలీ కట్టి మోసుకొచ్చే చోట నాలుగు మండలాలు తిరుగుతానంటే ఏ ఒక్కరినీ రెండోసారి చూడలేను.

మూడోది భాష. "సంక్రాంతిలోగా, దుబాసీ లేకుండా, ఆదివాసీ ఒడియాలో, 'పొద్దున్న లేచింది మొదలు ఏమేం చేస్తావు?' అని అడిగి, జవాబు తెలుసుకోవాలి." శుక్రవారం సంతలో పసుపూ అల్లమూ బేరమాడుతూ నేర్చుకున్నాను. బేరంలో నేనే ఓడిపోయేదాన్ని గనుక గురువులకు కొదవలేదు. కువి మాట్లాడే కోదుల ఊళ్ళలో నాకిప్పటికీ దుబాసీ కావలసిందే.

ఆ ఒక్క ప్రశ్న కోసం ఇంత పట్టు ఎందుకంటారా? పట్నంలో రోగి కుర్చీలో కూర్చోవాలి, చెంచాతో తినాలి, లిఫ్టు మీట నొక్కాలి. ఇక్కడ వాలులో నడవాలి, ఊటనీళ్ళు తేవాలి, కట్టెలు మొయ్యాలి. ఒక ఊళ్ళో పక్షవాతంతో కుడిచెయ్యి చచ్చుబడిన ఏభై ఏళ్ళ ఆవిడను చెయ్యి ఎత్తమన్నాను. "ఎత్తడం ఎందుకమ్మా? కాపీ పళ్ళు కొయ్యాల" అంది. నీడచెట్ల కింద తన తోట. డిసెంబరు వచ్చింది. పచ్చికాయలు వదిలి ఎర్రబడిన పళ్ళే కొయ్యాలి. ఒక చేత్తో కొమ్మ వంచి, రెండో చేతి వేళ్ళతో పండును తిప్పి తెంపాలి. రెండు చేతుల పని.

ఒక తాడుకు కొక్కెం కట్టాం. కొక్కెం కొమ్మకు, తాడు రెండో కొస కాలి కింద. బుట్ట నడుముకు. ఎడమ చేత్తో కొయ్యడం వారంరోజులు ఇంటిముందు చెట్టు మీద సాధన చేసింది. ఆ కాపులో మునపటి దానిలో సగం కోసింది. కుడిచేతికి పూర్తి బలం రాలేదు. ఆవిడ అది అడగనూ లేదు.

మనదేశంలో ఈ విద్యకు మూలపురుషుడెవరంటే ఒక స్త్రీ పేరే చెప్పాలి. కమలా నింబ్‌కర్. 1900లో అమెరికాలో పుట్టిన ఎలిజబెత్ లండీ, నింబ్‌కర్ గారిని పెళ్ళాడి కమల అయింది. నలభై దాటాక అమెరికాలో ఈ విద్య అభ్యసించి, 1950లో బొంబాయి కె.ఇ.ఎం. ఆసుపత్రిలో శిక్షణ పాఠశాల ప్రారంభించింది. ఆసియాలో అదే మొదటిది. 1952లో ఈ వృత్తికి ప్రపంచ సమాఖ్య ఏర్పడితే, స్థాపించిన పది దేశాల్లో మనదీ ఒకటి.

ఆమె కథ విన్న బ్యాంకు ఉద్యోగులూ, టీచర్లూ "మేమూ రావచ్చా?" అని అడుగుతుంటారు. రావచ్చు. కాని ఇది ఆరునెలల సర్టిఫికెట్టు కాదు. ఇంటర్మీడియట్‌లో జీవశాస్త్రం చదివి వుండాలి. ఆపైన నాలుగేళ్ళ డిగ్రీ, ఇంటర్న్‌షిప్పు. 2021లో పార్లమెంటు చేసిన చట్టం ఈ వృత్తిని కూడా ఒక జాతీయ కమిషన్ కిందకు తెచ్చింది. ఫీజు కట్టేముందు ఏదైనా ఆసుపత్రిలో అనుమతి అడిగి పది రోజులు మా పని చూడండి. ఒక ముసలాయన చొక్కా గుండీ పెట్టుకోవడానికి ఇరవై నిమిషాలు తీసుకుంటుంటే, చెయ్యి సాచి సాయం చెయ్యకుండా కూర్చోగలరా? చాలామంది అక్కడే లేచిపోతారు. సేవాభావం లేక కాదు, ఓపిక చాలక.

నా కాగితం ఇప్పుడు రెండో పేజీకి వచ్చింది. చైత్రంలో ఇక్కడివారు ఇటుకల పండుగ చేసుకుంటారు. ఆలోగా ఇద్దరు ఆశా కార్యకర్తలు, నేను పక్కన లేకుండా, పక్షవాతం రోగిని మంచం మీదనుంచి పీట మీదకు దించగలగాలి. ఒకామెకు వచ్చేసింది. రెండో అమ్మాయి ఇంకా నడుం వంచి ఎత్తుతోంది. మోకాళ్ళు వంచమని రోజూ చెబుతున్నాను.