కొర్రల మిల్లుకు ముందే కొనుగోలుదారు: విస్తరణ విద్యార్థులకు మార్కెటింగ్ తొలి పాఠాలు

వ్యవసాయ కళాశాలలో చదువుకున్న మనకు దిగుబడిని లెక్కించడం బాగా తెలుసు. ఎకరాకు ఎంత విత్తనం, ఎంత నత్రజని, ఎన్ని క్వింటాళ్ల గింజ అన్నది తడుముకోకుండా చెప్పగలం. ఆ గింజను ఎవరు కొంటారు, ఎందుకు కొంటారు, ఎంతకు కొంటారు అనే ప్రశ్న వచ్చేసరికి మన పాఠం ఆగిపోతుంది. రైతు బతుకు మాత్రం అక్కడ ఆగదు, అసలు పరీక్ష అక్కడే మొదలవుతుంది.

ఈ మాట నేను పుస్తకం చదివి నేర్చుకున్నది కాదు. కొన్నేళ్ల క్రితం రాయలసీమలోని ఒక గ్రామంలో మహిళా సంఘం సభ్యులు కొర్ర బియ్యం తీసే మిల్లు పెట్టుకుంటామని సలహా అడిగారు. యంత్రం సామర్థ్యం, గింజలో ఉండవలసిన తేమ, పొట్టు తీసే పద్ధతి, నిల్వ జాగ్రత్తలు అన్నీ శ్రద్ధగా వివరించాను. బియ్యం ఎవరికి అమ్ముతారని మాత్రం అడగలేదు. అడగాలన్న ఆలోచనే రాలేదు. ఏడాదిన్నర తిరగకముందే ఆ షెడ్డుకు తాళం పడింది. అప్పు వాయిదాలను సభ్యులు తమ పొదుపు సొమ్ములోంచి కట్టుకున్నారు. "సార్, మిల్లు ఆడింది గానీ సరుకు కదల్లేదు" అని సంఘం నాయకురాలు అన్నప్పుడు ఆమె గొంతులో నిష్ఠూరం లేదు. అందుకే ఆ మాట నన్ను ఇంకా వదల్లేదు. ఆ నష్టంలో నా సలహాకూ వాటా ఉంది. ఈ వ్యాసంలోని పాఠాలు ఆ రోజు నాకు తెలిసి ఉండవలసినవి.

అమ్మకం వేరు, మార్కెటింగ్ వేరు

చేతిలో ఉన్న సరుకును ఎలాగైనా వదిలించుకోవడం అమ్మకం. కొనేవారి అవసరాన్ని ముందుగా తెలుసుకొని, దానికి తగిన సరుకును తయారు చేయడం మార్కెటింగ్. మొదటిది పంట కోత తర్వాత మొదలవుతుంది, రెండవది విత్తనం ఎంచుకోక ముందే మొదలు కావాలి. అమెరికా ఆచార్యుడు థియోడర్ లెవిట్ 1960లో రాసిన ప్రసిద్ధ వ్యాసంలో ఈ భేదాన్నే నొక్కి చెప్పాడు. తాము తయారు చేసే వస్తువునే చూసుకుంటూ కొనుగోలుదారు అవసరాన్ని మరచిన పరిశ్రమలు క్షీణిస్తాయన్నది ఆయన వాదం. దిగుబడి ఒక్కటే లక్ష్యంగా సాగిన మన విస్తరణ కృషికి కూడా ఇది వర్తిస్తుంది.

కొర్ర బియ్యం కొనేవారంతా ఒకటే కాదు. మధుమేహం ఉన్న పట్టణ గృహస్థుడు నెలకు రెండు మూడు కిలోలు కొంటాడు. అతనికి రాళ్లు లేని శుభ్రమైన బియ్యం, వండే విధానం తెలిపే చీటీ కావాలి. అల్పాహార శాల యజమానికి ప్రతి వారం ఒకే నాణ్యత గల సరుకు, చెప్పిన రోజుకు అందడం ముఖ్యం. టోకు వ్యాపారికి పరిమాణం, ధర తప్ప మరొకటి పట్టదు. ఈ ముగ్గురికీ ఒకే సరుకును ఒకే తీరుగా అమ్మబోతే ముగ్గురూ దక్కరు. మొదటగా ఎవరికి అమ్మాలో ఎంచుకోవడమే ఔత్సాహికులు తీసుకోవలసిన తొలి నిర్ణయం.

నాలుగు అంశాలు

జెరోమ్ మెకార్తీ 1960లో వెలువరించిన పాఠ్యగ్రంథంలో మార్కెటింగ్ నిర్ణయాలను నాలుగు భాగాలుగా అమర్చాడు. అవి సరుకు, ధర, చోటు, ప్రచారం. విద్యార్థులు వీటిని పరీక్షలో వరుసగా రాస్తారు. ఊళ్లో మాత్రం అవి ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయి.

సరుకు అంటే గింజ ఒక్కటే కాదు. శుభ్రత, పొట్లం, తూకం, నిల్వ కాలం కూడా సరుకులో భాగమే. ఎంతకాలం నిల్వ ఉంటుందో తెలియకుండా పొట్లం కట్టరాదు. సజ్జ పిండి కొద్ది రోజుల్లోనే ముక్క వాసన పడుతుందన్న సంగతి మనకు తెలుసు. ఆ సరుకును దూరపు దుకాణానికి పంపితే తిరిగి వచ్చేది డబ్బు కాదు, పొట్లాలే. ధర మన ఖర్చును పూడ్చాలి, కొనేవారికి సబబుగానూ తోచాలి. చోటు అంటే కొనేవారు మామూలుగా సరుకులు తెచ్చుకునే ప్రదేశం. 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన రైతు బజార్లు కూరగాయల రైతుకు ఇచ్చినది ఈ చోటునే. ప్రచారంలో నిజాయితీ ముఖ్యం. కొర్రలు తింటే మధుమేహం నయమవుతుందని పొట్లం మీద అచ్చు వేయడం తప్పు మాత్రమే కాదు, ఆహార భద్రతా నిబంధనలకు విరుద్ధం కూడా.

ఒక కిలో లెక్క

ఇక లెక్కకు వద్దాం. ఈ అంకెలు కేవలం ఉదాహరణకు అనుకున్నవి. మీ ప్రాంతపు ధరలతో విద్యార్థులు మళ్లీ వేసుకోవాలి.

కొర్రలు కిలో 30 రూపాయలు, శుభ్రపరచి పొట్టు తీస్తే చేతికి వచ్చే బియ్యం 60 శాతం అనుకుందాం. అప్పుడు కిలో బియ్యానికి సుమారు 1.67 కిలోల కొర్రలు, అంటే 50 రూపాయలు పడతాయి. మిల్లు ఆడించే కరెంటు, కూలి 6 రూపాయలు. పొట్లం, లేబులు 4 రూపాయలు. రవాణా 5 రూపాయలు. మొత్తం 65 రూపాయలు. సరుకు పెరిగే కొద్దీ పెరిగే ఈ ఖర్చులను చర ఖర్చులు అంటాం. దుకాణదారుకు 80 రూపాయలకు ఇస్తే కిలోకు 15 రూపాయలు మిగులుతాయి.

ఈ 15 రూపాయలను లాభం అనుకోవడమే తొలి పొరపాటు. మిల్లు ఆడినా ఆగినా నెల తిరిగేసరికి తప్పని స్థిర ఖర్చులు ఉన్నాయి. షెడ్డు అద్దె 4 వేలు, ఒక మనిషి జీతం 12 వేలు, యంత్రం అప్పు వాయిదా 11 వేలు, మరమ్మతులు, లైసెన్సు వంటివి 3 వేలు, వెరసి నెలకు 30 వేల రూపాయలు. దీనిని 15తో భాగిస్తే 2,000 కిలోలు వస్తుంది. నెలకు 2,000 కిలోల బియ్యం అమ్మితే లాభమూ లేదు, నష్టమూ లేదు. దీనినే లాభనష్టరహిత స్థాయి అంటారు. ఆపై అమ్మిన ప్రతి కిలో మీద వచ్చేదే లాభం.

2,000 కిలోలు అన్న అంకెను కాగితం మీద వదిలేయకూడదు, దానిని ఊళ్లోకి తీసుకురావాలి. ఒక్కో కిరాణా దుకాణం నెలకు 40 కిలోలు అమ్ముతుందనుకుంటే 50 దుకాణాలు కావాలి. ఏడాదికి సుమారు 400 క్వింటాళ్ల కొర్రలు కావాలి. వర్షాధారంగా ఎకరాకు 6 క్వింటాళ్లు వస్తాయనుకుంటే దాదాపు 67 ఎకరాల పంట కావాలి. నేను సలహా ఇచ్చిన సంఘం చేతిలో ఉన్నవి ఏడు దుకాణాలు. ఈ భాగహారం ఆనాడే చేసి ఉంటే యంత్రం కొనవద్దని, లేదా చిన్నది కొనమని చెప్పేవాడిని.

ఐదు రూపాయల తగ్గింపు

సరుకు కదలకపోతే కొత్తవారికి తోచే మొదటి ఉపాయం ధర తగ్గించడం. 80 రూపాయలకు బదులు 75కు ఇస్తే పైకి చూడటానికి తగ్గింపు ఆరు శాతమే. కిలోకు మిగిలేది మాత్రం 15 నుంచి 10 రూపాయలకు పడిపోతుంది. లాభనష్టరహిత స్థాయి 2,000 నుంచి 3,000 కిలోలకు పెరుగుతుంది. ఆరు శాతం తగ్గింపును పూడ్చడానికి అమ్మకాలు యాభై శాతం పెరగాలి.

ఇదే లెక్కను మరోవైపు నుంచి చూద్దాం. దుకాణంలో 100 రూపాయలకు అమ్ముడయ్యే పొట్లాన్ని సంఘమే వారపు సంతలో, అపార్టుమెంట్ల వద్ద నేరుగా అదే ధరకు అమ్మితే, అదనపు అమ్మకపు ఖర్చు 5 రూపాయలు తీసివేసినా కిలోకు 30 రూపాయలు మిగులుతాయి. నెలకు 500 కిలోలు ఇలా అమ్మగలిగితే స్థిర ఖర్చులో సగం వచ్చినట్టే. మిగిలిన సగానికి దుకాణాలకు 1,000 కిలోలు ఇస్తే చాలు. ఎవరికి అమ్ముతున్నామన్నది ఎంత అమ్ముతున్నామన్నంత ముఖ్యమని ఈ లెక్క చెబుతుంది.

లాభం ఉన్నా చేతిలో డబ్బు లేకపోతే

కాగితం మీద లాభం చూపే మిల్లు కూడా మూతపడవచ్చు. 400 క్వింటాళ్ల కొర్రలను కోతల సమయంలో ఒకేసారి కొనాలంటే 12 లక్షల రూపాయలు కావాలి. దుకాణదారులు నెల అరువు అడిగితే మరో లక్షా అరవై వేలు ఎప్పుడూ వారి దగ్గరే ఉంటాయి. ఈ నిర్వహణ పెట్టుబడిని చాలా ప్రాజెక్టు నివేదికలు ఒక్క వరుసతో సరిపెడతాయి. యంత్రానికి అప్పు దొరుకుతుంది, గింజకు డబ్బు దొరకదు. మిల్లు మూడు నెలలు ఆడి తొమ్మిది నెలలు ఆగుతుంది. సభ్యుల గింజకు కొంత సొమ్ము వెంటనే, మిగతాది అమ్మకం తర్వాత చెల్లించే ఒప్పందం, గుర్తింపు పొందిన గోదాములో సరుకు ఉంచి రసీదుపై రుణం తీసుకోవడం వంటి మార్గాలను ముందే ఆలోచించాలి.

ఇంకొక మాట. సొంత గింజ, సొంత శ్రమ ఉచితం కావు. ఇంట్లో పండిన కొర్రలకు మార్కెట్ ధర, సభ్యుల పనికి ఊళ్లోని కూలి రేటు లెక్కలో వేయాలి. అవి వదిలేసి చూపే లాభం ఆ మహిళల చెమటను దాచిపెట్టిన లెక్క.

పొలంలోనే మొదలయ్యే నాణ్యత

ఈ విషయంలో సస్య శాస్త్రవేత్తకు పని లేదనుకోకూడదు. నాలుగు రకాలు కలిసిన గింజ మిల్లులో ఒకే తీరుగా పొట్టు ఊడదు. సన్నగింజ పొట్టుతోనే బయటకు వస్తుంది, బరువైన గింజ నూకవుతుంది. బియ్యం 60 శాతం నుంచి 55కు తగ్గితే కిలో బియ్యానికి గింజ ఖర్చు 50 నుంచి దాదాపు 54.50 రూపాయలకు పెరుగుతుంది. మిగులులో దాదాపు మూడో వంతు అక్కడే పోతుంది. నంద్యాల పరిశోధన స్థానం అందించిన సూర్యనంది వంటి ఒకే రకాన్ని సభ్యులంతా సాగు చేయడం, కల్లంలో మట్టి, రాళ్లు కలవకుండా నూర్చడం, తగినంత ఆరబెట్టడం అన్నీ మార్కెటింగ్ పనులే. మన సాగు సిఫార్సులో రకం పేరు పక్కన కొనుగోలుదారు కోరే గుణం కూడా ఉండాలి.

రాయితీ కొనుగోలుదారు కాదు

నేడు ఔత్సాహికులకు ఆసరా కొరవ లేదు. 2002లో ప్రారంభమైన అగ్రి క్లినిక్కులు, అగ్రి బిజినెస్ కేంద్రాల పథకం వ్యవసాయ పట్టభద్రులకు శిక్షణ, రుణం, రాయితీ కల్పిస్తోంది. 2020లో ప్రారంభించిన 10,000 రైతు ఉత్పత్తిదారుల సంస్థల పథకం, అదే ఏడాది వచ్చిన సూక్ష్మ ఆహార శుద్ధి పరిశ్రమల పథకం సంఘాలకు అండగా నిలిచాయి. రెండో పథకంలో సూక్ష్మ పరిశ్రమకు పెట్టుబడిలో 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల రూపాయల రాయితీకి వీలు కల్పించారు. ఇవి యంత్రం భారాన్ని తగ్గిస్తాయి, సరుకును కొనవు. రాయితీ ఉంది కనుక యంత్రం కొందామనే ఆలోచనను మనమే ఆపాలి.

యంత్రానికి ముందు ఎనిమిది వారాలు

అందుకే ఇప్పుడు నా విద్యార్థులకు ఒకే పద్ధతి చెబుతున్నాను. రెండు క్వింటాళ్ల కొర్రలు కొని, ఉన్న మిల్లులో కూలికి ఆడించండి. గింజకు పెట్టేది 6 వేల రూపాయలే. వచ్చే 120 కిలోల బియ్యాన్ని ఎనిమిది వారాలపాటు సంతలో, రెండు మూడు దుకాణాల్లో అమ్మండి. ఎవరు కొన్నారు, ఎంతకు కొన్నారు, ఏమన్నారు అన్నది ఒక నోటుపుస్తకంలో రాయండి. ముఖ్యంగా ఎందరు తిరిగి వచ్చారో లెక్కపెట్టండి. మొదటిసారి మొహమాటానికి కొనేవారుంటారు, రెండోసారి కొనేది నచ్చినవారే.

ఆ తర్వాత ఈ ప్రశ్నలకు సమాధానం రాయించండి. మన మొదటి కొనుగోలుదారు ఎవరు? కిలోకు చర ఖర్చు పోను మిగిలేది ఎంత? లాభనష్టరహిత స్థాయికి ఎన్ని దుకాణాలు, ఎన్ని ఎకరాలు కావాలి? గింజ కొనడానికి సొమ్ము ఎక్కడిది? అమ్మకాలు అనుకున్నదానిలో సగమే అయితే వాయిదా ఎవరు కడతారు? చివరి ప్రశ్నకు జవాబు దొరకకపోతే, ఆ మిల్లును వద్దని చెప్పడం కూడా విస్తరణ సేవే.

వ్యవస్థాపకత అంటే ధైర్యమని అంటారు. ఆ ధైర్యం సంఘం సభ్యులది, ఎందుకంటే పెట్టే సొమ్ము వారిది. మన వంతు లెక్క. వారి ధైర్యానికి మన లెక్క తోడు కాకపోతే, తాళం పడిన షెడ్డు ముందు నిలబడి నేను విన్న మాటే మరో ఊళ్లో మరొకరు వినవలసి వస్తుంది.