పన్నెండు మిల్లీమీటర్ల తేడా

రైఫిల్ తూటాల రికార్డులంటే ఎంత దూరం పోయింది, ఎంత వేగంగా పోయింది, ఎంత పెద్ద జంతువును పడగొట్టింది అనే అడుగుతారు. సెమీ ఆటోమేటిక్ వేట రైఫిళ్ళ దగ్గర మాత్రం ఈ లెక్కలు అంతగా పనిచేయవు. అక్కడ గెలిచినవాడూ ఓడినవాడూ మిల్లీమీటర్లలోనే తేలిపోయారు.

కారణం యంత్రంలోనే ఉంది. బోల్ట్ రైఫిల్లో తూటా ఇరుక్కుంటే వేటగాడు చేతిబలం కొద్దీ లాగుతాడు, లేదంటే గట్టిగా నెడతాడు. సెమీ ఆటోమేటిక్‌లో ఆ చెయ్యి ఉండదు. చాలా రైఫిళ్ళలో జరిగేది ఇదీ: గుండు బ్యారెల్ దాటే లోపే దాని వెనకాలి వాయువు కొంత ఒక చిన్న రంధ్రం గుండా మళ్ళి పిస్టన్‌ను తంతుంది. బోల్ట్ వెనక్కి జరిగి ఖాళీ ఇత్తడి గొట్టాన్ని బయటికి విసిరేస్తుంది. మళ్ళీ స్ప్రింగు బోల్ట్‌ను ముందుకు తోసినప్పుడు, మ్యాగజైన్‌లోని కొత్త తూటా ఛాంబర్లోకి చేరుతుంది. ఇదంతా రెప్పపాటులో అయిపోవాలి. తూటా కాస్త పొడవైనా, అడుగు అంచు పక్కదానికి తగులుకున్నా, లోపలి మందు మరీ నెమ్మదిగా మండినా పని చెడుతుంది. అందుకే చూడ్డానికి కవలల్లా ఉండే తూటాల్లో ఒకటి సెమీ ఆటోమేటిక్‌కి అచ్చంగా సరిపోతే, రెండోది దుకాణం అల్మారాలో దుమ్ము కొట్టుకుపోయింది.

కొట్లో ఉన్న సరుకును కాదన్న రైఫిల్

1903లో విన్‌చెస్టర్ కంపెనీ ఒక చిన్న సెమీ ఆటోమేటిక్ రైఫిల్ తెచ్చింది. బోరు .22 అంగుళం. అప్పటికే .22 లాంగ్ రైఫిల్ తూటా ఎక్కడపడితే అక్కడ దొరికేది. అయినా కంపెనీ దాన్ని పక్కనపెట్టి .22 విన్‌చెస్టర్ ఆటోమేటిక్ అని కొత్త తూటా చేయించుకుంది. ఎందుకంటే ఆ రోజుల్లో లాంగ్ రైఫిల్ తూటాల్లో చాలా పాత నల్లమందువి. నల్లమందు కాలితే మిగిలే మసి నాలుగు పేలుళ్ళలోనే యంత్రాన్ని పట్టేసేది. కొనుక్కున్నవాడికి ఎంత చెప్పినా చవగ్గా దొరికిందే వేస్తాడు కదా! కాబట్టి అది ఛాంబర్లో పట్టకుండానే చేసేశారు. మనిషి మాట వినడని ముందే తెలుసుకుని డిజైన్ చేసిన తూటా ఇది.

తర్వాత రెమింగ్టన్ తన మోడల్ 16 రైఫిల్‌కి ఇదే ఆలోచనతో .22 రెమింగ్టన్ ఆటోమేటిక్ చేసింది. రెండూ ఒకే పోలిక, పని కూడా ఒక్కటే. కానీ దీనిది దానిలో పట్టదు, దానిది దీనిలో పట్టదు. పొగలేని మందు మామూలైపోయాక రెండింటి అవసరమూ తీరిపోయింది.

పొట్టివాడే గట్టివాడు

.30-06ను అమెరికన్లు థర్టీ ఆట్ సిక్స్ అంటారు. 1906లో వాళ్ళ సైన్యం తీసుకున్న తూటా కాబట్టి వెనక ఆ 06. ఇత్తడి గొట్టం పొడవు 63 మిల్లీమీటర్లు. రెండు ప్రపంచ యుద్ధాలు చూసింది, అమెరికా ఖండంలోని ప్రతి పెద్ద జంతువు మీదా పనిచేసింది. దీని తమ్ముడు .308 విన్‌చెస్టర్ 1952లో మార్కెట్లోకి వచ్చింది. రెండేళ్ళకు దాదాపు అదే తూటాను నాటో 7.62×51 పేరుతో స్వీకరించింది. దాని పేరులోని 51 గొట్టం పొడవే. అన్నకంటే 12 మిల్లీమీటర్లు పొట్టి.

మరి అంత మందు చోటు పోతే బలం ఏమవ్వాలి? సుమారు 9.7 గ్రాముల గుండును అన్న సెకనుకు 887 మీటర్ల వేగంతో పంపితే, తమ్ముడు 860తో పంపుతాడు. ఆ 27 మీటర్ల తేడాను ఏ జింకా గుర్తుపట్టదు. యుద్ధకాలంలో తుపాకి మందు తయారీ బాగుపడటం, పొట్టి గొట్టంలో ఒత్తిడి కొంచెం ఎక్కువగా పెట్టుకోగలగడం ఈ లోటును పూడ్చాయి.

సెమీ ఆటోమేటిక్‌కి దీనివల్ల వచ్చిన లాభం మాత్రం చాలా పెద్దది. తూటా పొట్టిదైతే బోల్ట్ నడిచే దూరం తగ్గుతుంది, రైఫిల్ బరువూ తగ్గుతుంది, మ్యాగజైన్ చిన్నదవుతుంది. ఇంకో సంగతి ఉంది. .30-06 పెద్ద గొట్టం కావడంతో దానిలో రకరకాల మందులు, రకరకాల బరువుల గుండ్లు నింపుతారు. బరువైన గుండు వెనక నెమ్మదిగా మండే మందు పోస్తే, గుండు వాయు రంధ్రం దాటేటప్పటికి ఒత్తిడి ఇంకా దిగి ఉండదు. పాత సైనిక రైఫిల్ ఎమ్1 గారండ్‌లో ఇలాంటి తూటాలు వేస్తే బోల్ట్‌ను నడిపే పొడవాటి ఆపరేటింగ్ రాడ్ వంగిపోతుందని గారండ్ ఉన్నవాళ్ళందరికీ తెలుసు. బోల్ట్ రైఫిల్లో అవే తూటాలు పూలబంతుల్లా పోతాయి. నన్నడిగితే సెమీ ఆటోమేటిక్ వేట రైఫిల్‌కి మొదటి ఓటు .308కే. కొత్తదని కాదు, యంత్రం కొలతకు తగ్గట్టు పుట్టిందని.

రైఫిల్ కోసం ఒళ్ళు దాచుకున్న తూటా

.270 విన్‌చెస్టర్ 1925లో పుట్టింది. దానికి పోటీగా రెమింగ్టన్ 1957లో .280 తెచ్చింది. రెండూ .30-06 వంశపు గొట్టం మూతిని సన్నబరిచి చేసినవి. కాగితం మీద .280దే పైచేయి కావాలి. అయితే రెమింగ్టన్ ఆలోచన అంతా తమ మోడల్ 740 సెమీ ఆటోమేటిక్ మీద ఉంది. దాని యంత్రానికి భారం కాకూడదని తూటా ఒత్తిడిని చదరపు అంగుళానికి 60,000 పౌండ్లకు కట్టేశారు. .270కి అనుమతి 65,000. అంటే కొత్త తూటా పుట్టినరోజునే ఒక చెయ్యి వెనక్కి కట్టుకుని బరిలోకి దిగింది. బోల్ట్ రైఫిల్ కొన్నవాడికి కూడా అదే బలహీనమైన సరుకు అందింది. .270ను వదిలి ఇటు రావడానికి అతడికి కారణమే కనపడలేదు.

రెమింగ్టన్ జాగ్రత్త మాత్రం మెచ్చుకోదగ్గది. పొరపాటున .280ను .270 ఛాంబర్లో పెట్టి పేల్చకుండా గొట్టం భుజాన్ని, అంటే పైకొస్తూ సన్నబడే చోటును, సుమారు 1.3 మిల్లీమీటర్లు ముందుకు జరిపారు. అందువల్ల బోల్ట్ మూసుకోదు. ఇంత ఆలోచించినవాళ్ళే 1979లో అమ్మకాలు పెంచుదామని దాని పేరు 7 ఎంఎం ఎక్స్‌ప్రెస్ రెమింగ్టన్ అని మార్చారు. అప్పటికే వాళ్ళదే 7 ఎంఎం రెమింగ్టన్ మాగ్నమ్ అనే వేరే తూటా బజారంతా ఉంది. ఒకదాని బదులు ఇంకోటి కొనేవాళ్ళు తయారయ్యారు. కొద్దికాలానికే మళ్ళీ .280 పేరు పెట్టేశారు.

ఒళ్ళు లావు, అడుగు సన్నం

1963లో విన్‌చెస్టర్ వాళ్ళు .284 చేశారు. తమ పొట్టి యంత్రాల మోడల్ 100 సెమీ ఆటోమేటిక్, మోడల్ 88 లీవర్ రైఫిళ్ళలో పొడవు తూటా బలం కావాలన్నది వాళ్ళ కోరిక. పొడవు పెంచే వీల్లేక అడ్డంగా పెంచారు. గొట్టం మందం దాదాపు 12.7 మిల్లీమీటర్లు, అడుగు అంచు మాత్రం .308కున్న 12 మిల్లీమీటర్లే. బోల్ట్ మార్చక్కర్లేదు. మోడల్ 100 తయారీ 1973లో ఆగిపోయింది, వేటగాళ్ళు .284ను మరిచిపోయారు. వెయ్యి గజాల గురి పోటీల వాళ్ళు మాత్రం దాన్ని ఎత్తుకుని ఈనాటికీ వదల్లేదు. వాళ్ళు వాడేది బోల్ట్ రైఫిళ్ళలో.

మెలిక తప్పిన కవల

1955లోనే రెండు 6 మిల్లీమీటర్ల తూటాలు వచ్చాయి: .243 విన్‌చెస్టర్, .244 రెమింగ్టన్. బలం దాదాపు సమానం, రెండోది ఒక పిసరు ఎక్కువేమో. తేడా బ్యారెల్ లోపలి గాడుల్లో ఉంది. విన్‌చెస్టర్ గాడి 10 అంగుళాలకు ఒక చుట్టు తిరిగితే, రెమింగ్టన్‌ది 12 అంగుళాలకు ఒకటి. పొడవైన బరువు గుండు గాలిలో నిలకడగా పోవాలంటే వేగంగా తిరగాలి. రెమింగ్టన్ తన తూటాను పొలాల్ని పాడుచేసే చిన్న జంతువులకే అనుకుంది. జనం జింక మీద వాడదగ్గ గుండు కావాలన్నారు. తప్పు తెలిసొచ్చి 1963లో గాడి 9 అంగుళాలకు మార్చి, 6 ఎంఎం రెమింగ్టన్ అని కొత్త పేరు పెట్టారు. ఆ ఎనిమిదేళ్ళలో .243 ఊళ్ళు ఏలేసింది.

జింజర్ బీర్ సీసా పగిలిన మైదానం పేరు

న్యూయార్క్ లాంగ్ ఐలాండ్‌లో క్రీడ్‌మూర్ అనే గురి మైదానం ఉండేది. 1874లో అక్కడ ఐర్లాండ్, అమెరికా జట్లు పోటీపడ్డాయి. ఐర్లాండ్ ఆటగాడొకడు ఒక గుండు పక్కవాడి లక్ష్యం మీద వేశాడు. చివరి గుండు అమెరికన్ కల్నల్ జాన్ బోడిన్‌ది. అంతకు ముందే జింజర్ బీర్ సీసా పగిలి ఆయన చెయ్యి కోసుకుపోయింది. రుమాలు చుట్టుకుని రక్తం కారుతుండగానే కాల్చి గురి తగిలించాడు. 934కి 931, మూడు పాయింట్లతో అమెరికా గెలిచింది. ఆ మైదానంలో తర్వాత మానసిక చికిత్సాలయం వెలిసింది.

ఆ పేరే 2007లో హార్నడీ కంపెనీ 6.5 క్రీడ్‌మూర్ తూటాకు పెట్టింది. డేవ్ ఎమరీ, డెనిస్ డిమిల్ దాని రూపకర్తలు. దాని కవల .260 రెమింగ్టన్ పదేళ్ళ ముందే, 1997లో, వచ్చింది. గుండు మందం ఒకటే, వేగమూ ఇంచుమించు ఒకటే, .260కి కాస్త ఎక్కువే. మరి క్రీడ్‌మూర్ ఎందుకు గెలిచింది? ఇత్తడి గొట్టం 48.8 మిల్లీమీటర్లు, .260ది 51.7. ఈ మూడు మిల్లీమీటర్ల కుదింపుతోనే అసలు కథ. పొట్టి రైఫిళ్ళ మ్యాగజైన్ పొడవు 71 మిల్లీమీటర్ల చుట్టూ ఉంటుంది. ఆ పెట్టెలో గాలిని చీల్చుకుపోయే సన్నటి పొడుగు గుండు పట్టాలంటే గొట్టం వెనక్కి తగ్గాలి. .260లో అలాంటి గుండు పెడితే దాని వెనకభాగం మందులోకి దిగబడేది, లేదా తూటా మ్యాగజైన్‌లో పట్టేది కాదు. పైగా క్రీడ్‌మూర్ రైఫిళ్ళ గాడులు మొదటినుంచే 8 అంగుళాలకు ఒక చుట్టు. .244 కథను మర్చిపోనివాళ్ళు చేసిన పని ఇది.

అమెరికా ప్రత్యేక దళాలు తమ సెమీ ఆటోమేటిక్ స్నైపర్ రైఫిళ్ళ కోసం ఈ రెండిటినీ పరీక్షించినప్పుడు గురిలోనూ నమ్మకంలోనూ తేడా కనపడలేదు. ఇకముందు మెరుగుపరచుకునే వీలు ఎక్కువుందని క్రీడ్‌మూర్‌ను ఎంచుకున్నారు.

వయసులో పెద్ద

రష్యా 7.62×54 ఆర్ 1891 నుంచి సైన్యంలో ఉంది. ఇంతకాలంగా కొలువు చేస్తున్న సైనిక తూటాలు అతి కొద్ది. దానికి అడుగున పొడుచుకొచ్చిన అంచు ఉంటుంది. అలాంటి అంచున్న తూటాలు మ్యాగజైన్‌లో ఒకదాని మీదొకటి తగులుకుంటాయి కాబట్టి సెమీ ఆటోమేటిక్ చేసేవాళ్ళకు పెద్ద తలనొప్పి. డ్రాగునోవ్ రైఫిల్ ఆ తలనొప్పిని మ్యాగజైన్ వంపుతో దాటింది. దాని వేట రూపం తీగ్ర్ (రష్యన్‌లో పులి) పేరుతో అమ్ముతారు. విచిత్రమేమంటే అదే పులిని .308లో కూడా చేశారు.

వందేళ్ళ నిద్ర

జాన్ బ్రౌనింగ్ రూపొందించిన రెమింగ్టన్ మోడల్ 8 వేట సెమీ ఆటోమేటిక్ 1906లో .25, .30, .32, .35 అని నాలుగు తూటాలతో వచ్చింది. వాటిలో .35 ఒక్కటే ఇప్పటికీ వేటలో కనిపిస్తుంది. .30 రెమింగ్టన్ అయిపోయిందనుకున్నారు. దాదాపు వందేళ్ళ తర్వాత ఏఆర్ 15 రైఫిల్‌కి కాస్త బలమైన తూటా వెతుకుతూ ఆ పాత గొట్టాన్నే కత్తిరించి 6.8 ఎస్‌పీసీ చేశారు.

అన్నిటికంటే ప్రమాదకరమైన పోలిక

.300 బ్లాకౌట్ 2011లో ప్రమాణాల గుర్తింపు పొందింది. .223 తూటా వాడే ఏఆర్ 15 రైఫిల్‌కి బ్యారెల్ ఒక్కటి మారిస్తే చాలు. బోల్ట్ అదే, మ్యాగజైన్ అదే. దాని గొప్ప అదే, ముప్పూ అదే. మ్యాగజైన్లు కలిసిపోతే .300 తూటా కొన్నిసార్లు .223 ఛాంబర్లోకి దూరిపోతుంది, బోల్ట్ మూసుకుంటుంది. 7.8 మిల్లీమీటర్ల గుండు 5.7 మిల్లీమీటర్ల బ్యారెల్లోంచి పోలేదు. రైఫిల్ చేతుల్లోనే పేలిపోతుంది. రెండూ ఉన్నవాళ్ళు మ్యాగజైన్లకు వేర్వేరు రంగు పట్టీలు చుట్టుకోవడం ఇందుకే.

చట్టం పుట్టించినవి

ఒహాయో, మిషిగన్ లాంటి రాష్ట్రాల్లో కొన్నిచోట్ల జింక వేట రైఫిళ్ళలో మూతి దగ్గర సన్నబడని నిలువు గొట్టపు తూటాలే వాడాలన్న నియమం పెట్టారు. దానికోసమే 2019లో .350 లెజెండ్ వచ్చింది. ఫ్రాన్స్‌లో 2013 దాకా సైనిక తూటాలు వేటకు కుదిరేవి కావు, కాబట్టి అక్కడ .308 బదులు .270, .280 అమ్ముడుపోయాయి. ఐరోపా సమాఖ్య నియమాల్లో పక్షుల, కొన్ని జంతువుల వేటకు వాడే సెమీ ఆటోమేటిక్ మ్యాగజైన్‌లో రెండు తూటాలకు మించకూడదు.

మన దగ్గర 1972 వన్యప్రాణి చట్టంతో వేట దాదాపుగా ఆగిపోయింది, సెమీ ఆటోమేటిక్ రైఫిల్ మామూలు లైసెన్సు మీద రాదు. అయినా చట్టం తూటాలను పుట్టించడంలో మన దేశానిది పెద్ద చెయ్యే. మార్టినీ-హెన్రీ రైఫిళ్ళున్న తిరుగుబాటుదారులకు పనికొస్తాయన్న భయంతో 1907లో బ్రిటిష్‌వాళ్ళు .450 తూటాలను ఇండియాలోకి రానివ్వలేదు. హాలండ్ అండ్ హాలండ్ వెంటనే .465 చేసింది. సైన్యం వాడే .303 సామాన్యుడికి నిషేధం కాబట్టి .315 వచ్చింది, మన ఆయుధ కర్మాగారాలు ఆ రైఫిల్‌ను చేస్తూ వచ్చాయి. చట్టం కోసం పుట్టని తూటాలూ మన అడవుల్లో తిరిగాయి. తిరుపతి దగ్గరి మామండూరు అడవుల్లో తిరిగిన వేటగాడు కెన్నెత్ ఆండర్సన్ చేతిలోది .405 విన్‌చెస్టర్ లీవర్ రైఫిల్. మనుషుల్ని తినే చంపావత్ పులిని చంపినందుకు వేటగాడు జిమ్ కార్బెట్‌కు బహుమతిగా ఇచ్చింది .275 రిగ్బీ. ఈ .275 నిజానికి జర్మన్ 7×57 మౌజరే. లండన్‌వాళ్ళు బ్యారెల్ లోపల ఎదురెదురు గట్ల మధ్య దూరం కొలిచి ఆ అంకె రాశారు. గుండు మందం కొలిస్తే .284 అంగుళం. రెమింగ్టన్ .280దీ, విన్‌చెస్టర్ .284దీ గుండు మందం అంతే.