బంతి వడి – రాడార్ తుపాకీ లెక్క

టీవీలో క్రికెట్ చూస్తున్నారనుకోండి. ఫాస్ట్ బౌలర్ బంతి వేసిన మరుక్షణమే తెర మీద ఒక మూల 'గంటకు 142 కిలోమీటర్లు' అని అంకె కనబడుతుంది. అమెరికాలో బేస్‌బాల్ చూసేవారికి కూడా ఇలాగే 'గంటకు 98 మైళ్లు' అని కనబడుతుంది. అంకె 100 దాటితే స్టేడియం అంతా లేచి నిలబడుతుంది. ఈ అంకె ఎలా వస్తుంది? దానిని ఎంతవరకు నమ్మవచ్చు? ఈ విషయంలో ఎక్కువ తంటాలు పడినవారు బేస్‌బాల్ వారే కనుక, వారి కథే చూద్దాం.

బేస్‌బాల్‌లో బౌలర్‌కు బదులు పిచర్ ఉంటాడు. అతడు పరుగెత్తి రాడు. మట్టి దిబ్బ మీద నిలబడి, 60 అడుగుల 6 అంగుళాల దూరంలో ఉన్న 'హోమ్ ప్లేట్' అనే తెల్లని రబ్బరు పలక మీదుగా బంతిని విసురుతాడు. బంతి బరువు సుమారు 145 గ్రాములు. అది నేలను తాకకుండానే బ్యాటర్‌ను చేరాలి. పిచర్ ఒక పెద్ద అంగ ముందుకు వేసి వదులుతాడు కాబట్టి బంతి నిజంగా ప్రయాణించేది సుమారు 55 అడుగులే. గంటకు 100 మైళ్లంటే సెకనుకు 44.7 మీటర్లు. అంటే 0.4 సెకనులో అంతా అయిపోతుంది! స్టాప్ వాచీతో కొలుద్దామా అంటే, కంటితో చూసి వేలితో మీట నొక్కేసరికే అందులో సగం కాలం గడిచిపోతుంది.

అందుకని పూర్వం పెద్ద పెద్ద ఏర్పాట్లు చేసేవారు. 1912లో వాల్టర్ జాన్సన్ అనే ప్రసిద్ధ పిచర్‌ను ఒక తుపాకుల కర్మాగారానికి తీసుకువెళ్లి, తుపాకీ గుండ్ల వడిని కొలిచే పరికరంతో అతని బంతిని కొలిచారు. సెకనుకు 122 అడుగులు, అంటే గంటకు 83 మైళ్లు వచ్చింది. 1946లో సైన్యం వారి కాంతి పరికరాన్ని హోమ్ ప్లేట్ దగ్గర నిలిపి బాబ్ ఫెల్లర్ బంతిని కొలిస్తే 98.6 మైళ్లు వచ్చింది. ఈ రెండు అంకెలు గుర్తుంచుకోండి. వీటితో తరువాత పని ఉంది.

1974లో మిచిగన్ రాష్ట్ర విశ్వవిద్యాలయపు బేస్‌బాల్ శిక్షకుడు డానీ లిట్‌వైలర్‌కు ఒక ఆలోచన వచ్చింది. జోరుగా పోయే కార్లను పట్టుకోవడానికి పోలీసులు వాడే రాడార్ తుపాకీతో బంతిని ఎందుకు కొలవకూడదు? అప్పటినుంచి ఆ తుపాకీ ఆటస్థలాలలో స్థిరపడిపోయింది.

ఇది గుండ్లు పేల్చే తుపాకీ కాదు, సూక్ష్మతరంగాలను పంపే తుపాకీ. హారన్ మోగిస్తూ బస్సు మీవైపు వస్తుంటే ఆ ధ్వని కీచుగాను, మిమ్మల్ని దాటిపోగానే బొంగురుగాను వినిపిస్తుంది కదా! ఇదే డాప్లర్ ప్రభావం. దీనిని 1842లో క్రిస్టియన్ డాప్లర్ ప్రతిపాదించాడు. 1845లో హాలెండ్‌లో బైస్ బాలట్ అనే శాస్త్రజ్ఞుడు బాకాలు ఊదేవారిని రైలెక్కించి మరీ దీనిని పరీక్షించాడు. ధ్వని తరంగాలకు జరిగేదే రేడియో తరంగాలకూ జరుగుతుంది. ఎదురుగా వచ్చే బంతికి తగిలి పరావర్తనం చెందిన తరంగాల పౌనఃపున్యం కొద్దిగా పెరుగుతుంది.

ఆ 'కొద్దిగా' ఎంతో తెలిస్తే ఆశ్చర్యపోతారు. ఒక రకం తుపాకీ సెకనుకు 3,470 కోట్ల కంపనాలు గల తరంగాలను పంపుతుంది. బంతి 100 మైళ్ల వడితో ఎదురొస్తే వచ్చే తేడా సుమారు 10,300 కంపనాలు మాత్రమే. 33 లక్షలలో ఒక వంతు! ఇంత స్వల్పమైన తేడాను పట్టేదెలా? రెండు శృతిదండాలను కలిపి మ్రోగించినప్పుడు వినిపించే విస్పందనాలు గుర్తున్నాయా? తుపాకీ చేసేదీ అదే. పంపిన తరంగాన్నీ తిరిగి వచ్చిన తరంగాన్నీ కలిపి, రెంటి తేడా ఎంతో లెక్కపెడుతుంది. అసలు ఆ తుపాకీని సరిచూసేది కూడా శృతిదండంతోనే. తెలిసిన పౌనఃపున్యం గల దండాన్ని మ్రోగించి ఎదుట పట్టుకుంటే, అది ఫలానా వడి చూపి తీరాలి.

కాబట్టి లెక్క పెట్టడంలో పరికరం గట్టిదే. చేతితో పట్టుకునే సాధారణ తుపాకీకి కూడా ఒక మైలు అటూ ఇటూగా తయారీదారులు భరోసా ఇస్తారు. మరి చిక్కెక్కడ?

మొదటి చిక్కు కోణం. తుపాకీ కొలిచేది బంతి పూర్తి వేగాన్ని కాదు, తనవైపు వచ్చే అంశాన్ని మాత్రమే. బంతి దారికీ తుపాకీ చూపుకూ మధ్య కోణం ఉంటే, అసలు వడిని ఆ కోణం కొసైన్‌తో గుణించగా వచ్చేదే కనబడుతుంది. 10 డిగ్రీలైతే నష్టం ఒకటిన్నర శాతమే. 20 డిగ్రీలైతే 6 శాతం. హోమ్ ప్లేట్‌కు 20 అడుగులు పక్కగా కూర్చుని కొలిచారనుకోండి. చేయి వదిలినప్పుడు కోణం సుమారు 20 డిగ్రీలు, కనుక 100 మైళ్ల బంతి 94గా కనబడుతుంది. అది ప్లేట్‌కు 20 అడుగుల దూరానికి వచ్చేసరికి కోణం 45 డిగ్రీలవుతుంది. బంతి వడి ఏమీ తగ్గలేదనుకున్నా తుపాకీ చూపేది సుమారు 71! ఒక్క విషయం గమనించండి. కొసైన్ విలువ ఎప్పుడూ ఒకటిని మించదు కాబట్టి కోణం వల్ల అంకె తగ్గుతుందే గాని ఎన్నడూ పెరగదు. అంకె మరీ ఎక్కువగా వచ్చిందంటే, తుపాకీ బహుశా బ్యాటు తగిలి వెనక్కు దూసుకుపోయిన బంతిని పట్టి ఉంటుంది.

ప్లేట్ వెనుక సరిగ్గా ఎదురుగా కూర్చుంటే ఈ చిక్కు చాలావరకు తీరుతుంది. రెండవది అంత సులువుగా తీరదు. అది గాలి. 100 మైళ్ల వడిలో గాలి నిరోధం దాదాపు బంతి బరువంత ఉంటుంది. చేయి వదిలిన క్షణం నుంచే బంతి నెమ్మదిస్తుంది, ప్లేట్ చేరేసరికి 91, 92 మైళ్లకు దిగిపోతుంది. ఇప్పుడు చెప్పండి, ఆ బంతి వడి 100 మైళ్లా, 92 మైళ్లా? రెండూ నిజమే! ఎక్కడ కొలిచారన్నదే ప్రశ్న.

తొలిరోజుల తుపాకులలో ఒక రకం బంతిని చేయి వదలగానే పట్టేది, మరొక రకం ప్లేట్‌కు చేరువలో పట్టేది. రెంటికీ సుమారు 4 మైళ్ల తేడా. ఆటవారు వాటిని 'వేగం తుపాకీ', 'నిదానం తుపాకీ' అనేవారు. పాపం, తప్పు దేనిదీ కాదు. జాన్సన్, ఫెల్లర్ బంతులను కొలిచింది అవి 60 అడుగులు దాటాకనే కదా! 1974లో నోలన్ రయన్ బంతికి వచ్చిన 100.9 మైళ్లు కూడా ప్లేట్‌కు చేరువలోని వడే. అరోల్డిస్ చాప్‌మన్ 2010 సెప్టెంబరు 24న విసిరిన బంతిని అప్పట్లో 105.1 మైళ్లన్నారు. ఆనాటి కెమెరాల పద్ధతిలో ప్లేట్‌కు సుమారు 50 అడుగుల దూరంలోని వడిని తీసుకునేవారు. తరువాత చేయి వదిలే చోటికి లెక్క మార్చి అదే బంతిని 105.8 అన్నారు. ఏళ్ల క్రితమే ఆగిపోయిన బంతి కాగితం మీద 0.7 మైలు పుంజుకుంది! కనుక రయన్ 100.9నూ చాప్‌మన్ 105.8నూ పక్కపక్కన పెట్టి ఎవరు గొప్ప అని వాదించుకోవడం దండగ.

ఇదంతా కాలక్షేపపు లెక్క అనుకోకండి. అమెరికాలో 17, 18 ఏళ్ల కుర్రవాళ్లను ఎంపిక చేసేవారు ప్లేట్ వెనుక వరుసగా తుపాకులు పట్టుకుని కూర్చుంటారు. రెండు మైళ్ల తేడాతో ఒక కుర్రవాడి బ్రతుకు మారిపోవచ్చు. మరొక మైలు కోసం చేతిని విసిరి విసిరి మోచేతి స్నాయువు తెంచుకున్న పిచర్లు ఎందరో. ఆ స్నాయువును మార్చే శస్త్రచికిత్సను ఫ్రాంక్ జోబ్ అనే వైద్యుడు టామీ జాన్ అనే పిచర్‌కు మొదటిసారి చేసిందీ 1974లోనే. ఒక అంకె కోసం మోచేయి పణంగా పెట్టేవాడికి, ఆ అంకె దేనిని కొలిచిందో ముందుగా చెప్పవద్దా?

మన క్రికెట్‌కు వస్తే, 2003 ప్రపంచ కప్పులో షోయబ్ అక్తర్ బంతికి వచ్చిన 161.3 కిలోమీటర్లు చేయి వదిలినప్పటి వడి. ఆ తరువాత గాలి కొంత, పిచ్ మీద పడి లేవడం కొంత తినేస్తాయి. బ్యాట్స్‌మన్ ఎదుర్కొనే వడి తెర మీద కనిపించే దానికన్నా బాగా తక్కువ.

ఇక మీకొక లెక్క. ఒక కుర్రవాడు విసిరిన బంతి చేయి వదిలిన క్షణాన తుపాకీ 78 మైళ్లు చూపింది. తుపాకీ పట్టినాయన బంతి దారికి 30 డిగ్రీల కోణంలో కూర్చున్నాడు. త్రికోణమితి పట్టిక ముందు పెట్టుకుని, ఆ కుర్రవాడు నిజంగా ఎంత వడితో విసిరాడో కట్టి చూడండి.