రియల్ టైం ఆపరేటింగ్ సిస్టంలకు కంపైలరు థ్రెడ్ నమూనా

'''థ్రెడ్ నమూనా''' అనగా ఒక ప్రోగ్రాములో ఏకకాలంలో నడిచే థ్రెడ్లు ఒకదానికొకటి అడ్డురాకుండా కాపాడటానికి, కంపైలరుతో పాటు వచ్చే లైబ్రరీలు ఏ తాళాలను వాడుకోవాలో నిర్ణయించే అమరిక. గ్నూ కంపైలరు సముదాయమైన జీసీసీని నిర్మించేటప్పుడే దీనిని ఎంచుకోవాలి. నిర్ణీత గడువులో స్పందించవలసిన రియల్ టైం ఆపరేటింగ్ సిస్టంలకు ఈ ఎంపిక ముఖ్యమైనది. ఎంపిక తప్పినా ప్రోగ్రాము చాలాకాలం సవ్యంగానే నడిచి, ఎప్పుడో ఒకనాడు హఠాత్తుగా ఆగిపోవచ్చు.

== నేపథ్యం ==
తెనాలి నుండి రేపల్లెకు వేసిన ఒంటి రైలుమార్గం వంటి చోట ఒక భాగంలోకి ఒకసారికి ఒక బండినే అనుమతిస్తారు. థ్రెడ్లు పంచుకొనే మెమరీ కూడా అటువంటిదే. ఒక థ్రెడ్ దానిని మారుస్తుండగా మరొకటి రాకుండా ఆపే తాళాన్ని మ్యూటెక్స్ అంటారు. తాళాన్ని ఇచ్చేది ఆపరేటింగ్ సిస్టం. దానిని ఏ పేరుతో అడగాలో లైబ్రరీలకు తెలియాలి. జీసీసీలో ఈ మధ్యవర్తి పొర పేరు జీథ్రెడ్స్.

== ముఖ్యమైన నమూనాలు ==
* '''సింగిల్''': ప్రోగ్రాములో ఒకే థ్రెడ్ ఉన్నదని భావిస్తుంది, తాళాలు వేయదు. ఆపరేటింగ్ సిస్టం లేని ఆర్మ్ మైక్రోకంట్రోలర్ల కొరకు నిర్మించిన జీసీసీలో సాధారణంగా ఇదే ఉంటుంది.
* '''పోసిక్స్''': 1995లో ప్రమాణంగా వెలువడిన పీథ్రెడ్ ఫంక్షన్లను వాడుతుంది.
* '''ప్రత్యేక నమూనాలు''': ఆర్టెమ్స్, వీఎక్స్‌వర్క్స్ వంటి సిస్టంలకు వేరువేరుగా ఉన్నవి. 2016లో వెలువడిన జీసీసీ 6 నుండి ఆర్టెమ్స్ నమూనాలో సి++11 థ్రెడ్లు కూడా పనిచేస్తాయి.

== సింగిల్ నమూనాతో చిక్కులు ==
ఫ్రీఆర్టాస్ వంటి సిస్టంలో అనేక టాస్కులు నడుస్తున్నా, సింగిల్ నమూనాతో నిర్మించిన లైబ్రరీకి ఆ సంగతి తెలియదు. సి భాషలో దీని ప్రభావం స్వల్పం. సి++లో మాత్రం మూడు చోట్ల ప్రమాదమున్నది.

మొదటిది, షేర్డ్ పాయింటర్లలోని లెక్క. రెండు టాస్కులు ఒకేసారి దానిని మార్చితే లెక్క తప్పి, వాడుకలో ఉన్న మెమరీయే విడుదల కావచ్చు. రెండవది, ఫంక్షన్ లోపలి స్టాటిక్ వస్తువుల తొలి నిర్మాణం. ఒక టాస్కు నిర్మాణం మధ్యలో ఉండగా మరొకటి అక్కడికి వస్తే, లైబ్రరీ దానిని అదే టాస్కు మళ్ళీ వచ్చినట్లు పొరబడి దోషంగా ప్రకటిస్తుంది. మూడవది, ఎక్సెప్షన్ల సమాచారం. ప్రతి థ్రెడ్‌కు విడి నిల్వ లేనప్పుడు టాస్కులన్నీ ఒకే చోట ఆ సమాచారాన్ని వ్రాస్తాయి.

== పోసిక్స్ నమూనా పరిమితులు ==
సి++ ప్రామాణిక థ్రెడ్‌ను సృష్టించేటప్పుడు దాని ప్రాధాన్యం, స్టాకు పరిమాణం తెలిపే వీలు లేదు. పోసిక్స్ నమూనాలో ప్రామాణిక మ్యూటెక్స్ తనంత తానుగా ప్రాధాన్య వారసత్వాన్ని కోరదు. దీని విలువ 1997లో అంగారకునిపై దిగిన మార్స్ పాత్‌ఫైండర్ నౌకలో తెలిసివచ్చింది. అందులో తక్కువ ప్రాధాన్యమున్న టాస్కు తాళం పట్టుకొని ఉండగా, మధ్యస్థ ప్రాధాన్యమున్న టాస్కులు దానిని నడవనీయలేదు. ఆ తాళం కొరకు వేచియున్న అధిక ప్రాధాన్యపు టాస్కు గడువు తప్పి, కంప్యూటరు పదేపదే పునఃప్రారంభమైంది. నౌకలోని వీఎక్స్‌వర్క్స్ మ్యూటెక్స్‌కు ప్రాధాన్య వారసత్వాన్ని భూమి నుండి అమర్చి సరిచేశారు.

మెమరీ కేటాయింపుకు రక్షణ కల్పించేది కూడా థ్రెడ్ నమూనా కాదు. న్యూలిబ్ వంటి సి లైబ్రరీలో ఆ తాళాలను విడిగా సమకూర్చాలి.

== ఎంపిక ==
ప్రోగ్రాము సి భాషకే పరిమితమైతే, లేదా పై మూడు సౌకర్యాలను ఒకే టాస్కులో వాడితే సింగిల్ సరిపోతుంది. సిస్టంకు ప్రత్యేక నమూనా ఉంటే దానినే ఎంచుకోవడం మేలు. లేనిచో పీథ్రెడ్ పొరను సమకూర్చుకొని పోసిక్స్ నమూనాతో కంపైలరును నిర్మించాలి. ఈఎస్‌పీ32 చిప్పుల కొరకు ఫ్రీఆర్టాస్‌పై ఇదే పద్ధతిని అనుసరించారు. నమూనా మార్చినప్పుడు లైబ్రరీలతో సహా అన్నిటినీ తిరిగి నిర్మించాలి. వేరువేరు నమూనాలతో కంపైలు చేసిన సి++ భాగాలను కలపరాదు. చేతిలో ఉన్న జీసీసీ ఏ నమూనాదో, దాని వివరాలను చూపే ఆదేశమిస్తే వచ్చే "థ్రెడ్ మోడల్" అనే వరుసలో తెలుస్తుంది.