ఒకే కంప్యూటర్‌లో రెండు కాపురాలు

న్యూజెర్సీలో మా ఇంట్లో ఓ పాత లాప్‌టాప్ ఉంది. ఇప్పటికీ రాయిలా పనిచేస్తోంది. కానీ విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. విండోస్ 11 వేద్దామంటే, దానికి పనికొచ్చే ప్రాసెసర్ల జాబితాలో మాది లేదు. పారేయడానికి మనసొప్పలేదు. పూర్తిగా లైనక్స్‌కి మారిపోదామా అంటే, మా తెలుగువాళ్ళ ఉగాది సంచికల పాత ఫైళ్ళన్నీ పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లతో ఉన్నాయి. వాటికి మాకు విండోస్ కావాల్సిందే. సరే, రెండూ ఉంచుదామనుకున్నాం. ఆన్ చేయగానే ఏది కావాలో అడుగుతుంది, ఎంచుకోవడమే. దీన్నే డ్యూయల్ బూట్ అంటారు.

అసలు సంగతేమిటంటే, ఇది మాకు మొదటిసారి కాదు. కొన్నేళ్ళ కిందట ఇంకో కంప్యూటర్‌లో ఇదే పని చేయబోయి చేతులు కాల్చుకున్నాం. డిస్క్ మొత్తం చెరిపేసే ఆప్షన్‌ని చదవకుండానే నొక్కేశాం. కాసేపట్లో లైనక్స్ చక్కగా వచ్చి కూర్చుంది. తెనాలిలో జరిగిన నాన్నగారి షష్టిపూర్తి వీడియో మాత్రం పోయింది. ఇంకెక్కడా కాపీ లేదు. నాన్నగారు ఇప్పుడు లేరు. 'ఆ వీడియో ఓసారి పంపరా' అని అమ్మ ఫోన్‌లో అడిగితే ఏం చెప్పాలో తోచలేదు. అందుకే ఈసారి శని, ఆదివారాలు రెండూ పెట్టుకుని నిదానంగా చేశాం. మనవాళ్ళకి పనికొస్తుందని రాస్తున్నాం.

ముందు కాపీ, తర్వాతే పని

ఫొటోలు, వీడియోలు, ఇమిగ్రేషన్ కాగితాల స్కాన్లు అన్నీ బయటి హార్డ్‌డిస్క్‌లోకి ఎక్కించాం. ఎక్కించి ఊరుకోలేదు, వేరే కంప్యూటర్‌లో పెట్టి తెరిచి చూశాం. తర్వాత ఆ డిస్క్ పీకి అలమారాలో పెట్టేశాం. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు అది తగిలించి ఉంటే పొరపాటున దాన్నే చెరిపేసే ప్రమాదం ఉంది.

తాళం చెవి రాసిపెట్టుకోండి

చాలా లాప్‌టాప్‌లలో మనకి తెలియకుండానే డిస్క్ ఎన్‌క్రిప్షన్ ఆన్‌లో ఉంటుంది. బూట్ పద్ధతి మారగానే విండోస్‌కి అనుమానం వచ్చి, 48 అంకెల రికవరీ కీ అడగవచ్చు. అది లేకపోతే మన ఇంటికి మనమే పరాయివాళ్ళం. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో వాడుతుంటే సాధారణంగా ఆ అకౌంట్‌లోనే కీ దొరుకుతుంది. మేం కాగితం మీద రాసుకుని, ఆ తర్వాత ఎన్‌క్రిప్షన్ ఆపేశాం. తాళం విప్పడానికి చాలాసేపే పట్టింది. తొందరపడకండి.

విండోస్‌ని పూర్తిగా నిద్రలేపి పంపాలి

ఇది చాలామందికి తెలియని చిక్కు. ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే, షట్‌డౌన్ నొక్కినా విండోస్ సగం నిద్రలోనే ఉంటుంది. ఆ సమయంలో లైనక్స్ నుంచి విండోస్ డ్రైవ్‌లో ఏదైనా రాస్తే ఫైళ్ళు పాడవచ్చు. కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్‌కి వెళ్ళి దాన్ని తీసేయాలి. హైబర్నేట్ చేసి లైనక్స్‌లోకి వెళ్ళడం కూడా వద్దు.

చోటు ఇచ్చాకే పిలవాలి

విండోస్‌లోనే ఉన్న డిస్క్ మేనేజ్‌మెంట్‌తో సీ డ్రైవ్‌ని కుదించి 60 జీబీ ఖాళీ చేశాం. ఉబుంటుకి కనీసం 25 జీబీ ఉండాలంటారు. ఆ ఖాళీని కొత్త డ్రైవ్‌గా మార్చకుండా అలాగే వదిలేయాలి. తర్వాత పెన్‌డ్రైవ్‌లో ఉబుంటు 24.04 ఎక్కించాం. ఎక్కిస్తే అందులో అంతకుముందున్నవి పోతాయి కాబట్టి ఖాళీది తీసుకోండి. ముందు ఇన్‌స్టాల్ చేయకుండా పెన్‌డ్రైవ్ నుంచే నడిపి వైఫై, సౌండ్, కెమెరా చూసుకున్నాం. అన్నీ పనిచేశాకే, విండోస్ పక్కన ఇన్‌స్టాల్ చేసే ఆప్షన్ ఎంచుకున్నాం. ప్రతి స్క్రీన్‌నీ ఒకరు పైకి చదివితే రెండోవాళ్ళు విని 'సరే' అన్నాకే నొక్కాం! పార్టిషన్లు మీరే చేసుకునేట్టయితే ఈఎఫ్ఐ పార్టిషన్‌ని ఫార్మాట్ చేయకండి. విండోస్ లేవడానికి కావాల్సిన ఫైళ్ళు అందులోనే ఉంటాయి.

రెండు గడియారాల గొడవ

అంతా అయ్యాక లైనక్స్‌లోంచి విండోస్‌లోకి వెళితే టైము కొన్ని గంటలు తేడా! కంప్యూటర్ లోపలి గడియారంలో లైనక్స్ అంతర్జాతీయ సమయాన్ని పెడుతుంది. విండోస్ దాన్ని స్థానిక సమయం అనుకుంటుంది. గోడ మీద ఇండియా టైముకి ఇంకో గడియారం పెట్టుకునే మనకిది కొత్తేం కాదు. లైనక్స్‌ని కూడా స్థానిక సమయమే పెట్టమంటే సర్దుకుంది.

పెన్‌డ్రైవ్‌ని మాత్రం చెరిపేయకండి. 2024 ఆగస్టులో వచ్చిన ఒక విండోస్ అప్‌డేట్ తర్వాత కొందరి డ్యూయల్ బూట్ కంప్యూటర్లలో లైనక్స్ లేవలేదు. అలాంటి చిక్కుల్లో కొన్నిసార్లు అది ఆదుకోవచ్చు.

ఇప్పుడు మెయిలూ బ్యాంకు పనులూ లైనక్స్‌లో చేస్తున్నాం. విండోస్‌ని నెట్‌కి దూరంగా ఉంచి, సంచిక ఫైళ్ళకే వాడుతున్నాం. తెలుగు టైపింగ్ కూడా లైనక్స్‌లో సెట్టింగ్స్ నుంచే పెట్టుకున్నాం.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఏమిటో మాకు ఒకసారి తెలిసొచ్చింది. అందుకే ఈసారి ఫొటోలన్నీ రెండో డిస్క్‌లోకి కూడా ఎక్కించి, ఊరెళ్ళే స్నేహితుల చేత తెనాలి పంపాం. అమ్మ దాన్ని బీరువాలో నాన్నగారి కళ్ళజోడు పక్కన పెట్టిందట.