అసాసిన్: ఆటలోని పాత్ర, చరిత్రలోని పేరు

నలుగురైదుగురు బల్ల చుట్టూ కూర్చుండి, తలకొక కల్పిత పాత్రను ధరించి, పాచికలు వేయుచు కథ నడుపుకొను క్రీడలు పాశ్చాత్య దేశములలో అర్ధశతాబ్దముగా ప్రచారములో ఉన్నవి. వానికి మార్గదర్శకమైన 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' 1974లో అమెరికాలో వెలువడినది. గారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ దాని కర్తలు. ఇందు ప్రతి ఆటగాడు యోధుడు, మాంత్రికుడు, చోరుడు మొదలగు పాత్రవర్గములలో ఒకదానిని ఎన్నుకొనును. అట్టి వర్గములలో ఒకటియగు 'అసాసిన్'ను గూర్చి వివరింపదలచితిమి.

ఈ వర్గము 1975లో 'బ్లాక్‌మూర్' అను అనుబంధ గ్రంథమున చేరినది. 1978 నాటి నియమావళిలో ఇది చోరవర్గమునకు ఉపశాఖ. మారువేషము, విషప్రయోగము, వెన్నుపోటు దీని విద్యలు. సాధారణ యుద్ధములో శత్రువు ప్రాణబలము దెబ్బదెబ్బకు తరుగును. అసాసిన్ విషయమున అట్లు కాదు. ఏమరియున్నవానిపై పడినప్పుడు, చంపువాని స్థాయిని, చచ్చువాని స్థాయిని పట్టికలో సరిచూచి, నూటికి ఎన్ని పాళ్ళు అవకాశమో తెలిసికొని పాచికలు వేయుదురు. అవి అనుకూలించినచో ఒక్క వ్రేటుతో పని ముగియును. 14వ స్థాయికి చేరవలెనన్నచో అప్పటి సంఘనాయకుని వధింపవలెను!

ఈ పాత్ర దుష్టస్వభావము కలదై తీరవలెనని నియమము. కలిసి ఆడవలసిన ఆటలో నమ్మరాని సహచరుడు ఉండుట చిక్కు కదా! 1989 నాటి రెండవ కూర్పులో ఈ వర్గమును తొలగించిరి. 2000లో ప్రత్యేకవర్గముగా మరల వచ్చినది. 2014 కూర్పులో చోరజాతి పాత్రకు ఒక శాఖయై, దుష్టత్వ నియమము నుండి విముక్తి పొందినది.

ఇక పేరు సంగతి. హసన్ బిన్ సబ్బాహ్ 1090లో ఇరానులోని అలమూత్ దుర్గమును వశపరచుకొని నిజారీ ఇస్మాయిలీల రాజ్యమును స్థాపించెను. అల్పసంఖ్యాకులగు వారు సెల్జూక్ మహాసైన్యములను ఎదురింపలేక, శత్రునాయకులను ఎంచి వధించిన మాట నిజము. ఆ పనికి పూనుకొన్నవారిని 'ఫిదాయీలు' అనిరి. విరోధులు ఆ శాఖవారిని 'హషీషీలు' అని నిందించిరి. ఆ నిందాపదమే ఐరోపా భాషలలో 'అసాసిన్' అయినది. ఫిదాయీలు మత్తుమందు సేవించిరనుటకు నాటి ఆధారములు లేవు. మార్కో పోలో చెప్పిన ఉద్యానవనము కట్టుకథయే. 1256లో మంగోలులు అలమూత్‌ను పట్టుకొనిన పిమ్మట అచటి గ్రంథములు అనేకము దగ్ధమైనవి. కనుక లోకము చిరకాలము శత్రువుల వ్రాతలనే నమ్మినది.

ఆ నిజారీలే నేడు ఆగా ఖాన్ అనుయాయులు. హైదరాబాదులో 2011లో ప్రారంభమైన ఆగా ఖాన్ అకాడమీ వారి విద్యాసేవకు నిదర్శనము. ఆట ఆటగానే ఉండవచ్చును. కాని ఒక జనసముదాయమునకు పరులు తగిలించిన పేరును ఆ సముదాయపు చరిత్రగా భావింపరాదని విద్యార్థి మిత్రులకు మా మనవి.