149 రూపాయల ఫైబర్: హిందూపురం నుంచి ధర్మవరం దాకా అసలు లోటు ఎక్కడ?

కొత్త ఫోన్ కొనేటప్పుడు వై-ఫై 6 ఉందా, 7 ఉందా అని చూస్తాం. ఆ ఫోన్‌కి ఇంట్లో అందే లైన్ సంగతి మాత్రం పెద్దగా పట్టించుకోం. మాది హిందూపురం. బెంగళూరు ఆఫీసు పని ఇంటి నుంచి చేసే రోజుల్లో నాకు ల్యాప్‌టాప్ కంటే గోడకున్న ఫైబర్ బాక్సే ముఖ్యం.

2017 డిసెంబర్ 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఏపీ ఫైబర్‌నెట్‌ని ప్రారంభించారు. అప్పట్లో నెలకి 149 రూపాయలకే ఇంటర్నెట్, టీవీ, ఫోన్ ఇచ్చారు. రోడ్లు తవ్వకుండా కరెంటు స్తంభాల మీదుగా కేబుల్ లాగారు కాబట్టి ఖర్చు బాగా తగ్గింది. ఇంటి దాకా లైన్ ఇచ్చే పని ఊళ్లోని కేబుల్ ఆపరేటర్లకి అప్పగించారు.

ఐడియా సూపర్. ఇక ప్లాన్ చూద్దాం.

45 నిమిషాల బ్రాడ్‌బ్యాండ్

ప్రారంభం నాటి బేసిక్ ప్లాన్‌లో 15 ఎంబీపీఎస్ స్పీడ్‌తో 5 జీబీ ఇచ్చారు. 5 జీబీ అంటే 40,000 మెగాబిట్లు. 15తో భాగిస్తే దాదాపు 2,667 సెకన్లు. ఫుల్ స్పీడ్‌లో వాడితే నెల కోటా 45 నిమిషాల్లో ఖాళీ! ఆ తర్వాత 1 ఎంబీపీఎస్. 2023 జనవరిలో కేంద్రం బ్రాడ్‌బ్యాండ్ కనీస స్పీడ్‌ని 512 కేబీపీఎస్ నుంచి 2 ఎంబీపీఎస్‌కి పెంచింది. ఈ కొలతతో చూస్తే, కోటా అయ్యాక మిగిలేది బ్రాడ్‌బ్యాండే కాదు.

అప్‌లోడే అసలు పరీక్ష

ధర్మవరం నేతన్న పట్టుచీర జరీ అంచుని వీడియో కాల్‌లో చూపించి అమ్మాలంటే అప్‌లోడ్ బాగుండాలి. బొమ్మ మసకబారితే బేరం పోయినట్టే. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా ఫ్యాక్టరీ వచ్చింది. ఆ చుట్టుపక్కల ఉద్యోగం వెతికే కుర్రాడికి ఆన్‌లైన్ టెస్ట్ మధ్యలో లైన్ పోకూడదు.

ఫైబర్‌కి ఆ సత్తా ఉంది. జీపాన్ టెక్నాలజీలో ఒక్కో పోర్టు దాదాపు 2.5 జీబీపీఎస్ డౌన్‌లోడ్, 1.25 జీబీపీఎస్ అప్‌లోడ్ మోస్తుంది. దాన్నే స్ప్లిటర్‌తో 32 లేదా 64 ఇళ్లకి పంచుతారు. అందుకే నా దృష్టిలో లోటు ప్లాన్‌లోనూ, స్తంభం నుంచి ఇంటి దాకా ఉన్న వైరులోనూ ఉంది.

కనెక్షన్ తీసుకునే ముందు

- అప్‌లోడ్ స్పీడ్ ఎంత?
- కోటా అయ్యాక స్పీడ్ ఎంత?
- కేబుల్ తెగితే ఎన్ని గంటల్లో బాగుచేస్తారు?
- కరెంటు పోతే బాక్స్ ఆగిపోతుంది. అడాప్టర్ వోల్టేజీ చూసి దానికి సరిపడే మినీ యూపీఎస్ కొనండి.

ఊరికి ఫైబర్ వచ్చిందంటే సగం పని అయినట్టే. నెలాఖరులో కూడా ఆ చీర వీడియో కాల్‌లో స్పష్టంగా కనిపిస్తే మిగతా సగమూ అయినట్టు.